మిద్దె మీది మన్ను

ఈ ఏడు కాలువకు నీళ్లు రాకపోవడమే మా అదృష్టం అన్నానంటే దేశనూరు రైతులు నన్ను చెప్పుతో కొడతారు. అయినా అంటాను. డ్యాము గేట్లు మార్చాలని రెండో పంటకు నీళ్లు ఆపేశారు. ఉగాది నాటికి మడులన్నీ బీటలు తీశాయి, ఊళ్లో ఆడామగా అందరికీ చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతులే లేకపోయుంటే ఇవాళ నేను తెక్కలకోటలో ఏ రేకుల షెడ్డు కిందో కూర్చుని ఉగ్గాణి కలుపుతూ ఉండేదాన్ని.

ఉగ్గాణి అమ్మడమే నా బతుకు. పొద్దున్నే వాడె ముందరి అరుగు మీద పొయ్యి వెలిగిస్తాను. నానేసిన బొరుగులు, ఘాటుగా తిరగమోత, పక్కన మిరపకాయ బజ్జీలు. వాడె అంటే కన్నడం కలిసిన మా బళ్లారి వైపు పెద్ద రెడ్ల ఇల్లు. మూరెడు మందం గోడలు, నడిమి వాకిలి చుట్టూ టేకు స్తంభాలు, పైన మట్టి మిద్దె. మా వాడె అని నోరారా అంటాను గానీ అది మాది కాదు, నాగలక్ష్మమ్మది. ఊరంతా ఆమెను రెడ్డెమ్మ అంటారు, నేనూ అంతే. ఆమె మామగారి తండ్రి పత్తి వ్యాపారం కలిసొచ్చి నూరేళ్ల కిందట దాన్ని కట్టించాడు. ముందరి గదుల్లో ఆమె ఒక్కతే ఉంటుంది. పడమటి వైపు నేనూ మా ఆయనా, తూర్పు వైపు ఉచ్చెంగెప్ప, అతని భార్య యశోద.

ఉచ్చెంగెప్ప తండ్రి రజాకార్ల గొడవల్లో నది దాటి ఇటు పరుగెత్తుకొచ్చాడు. మా తాత కాలువ తవ్విన కొత్తలో, ఇక్కడ భూములు చౌకని విని, తణుకు వైపు నుంచి మూటాముల్లే కట్టుకుని దిగాడు. ఇద్దరికీ ఇల్లు కట్టించిన ఆ పెద్దరెడ్డి ఒకటే మాట చెప్పాడట. "నాకు బాడిగ వద్దప్పా. మిరగ కార్తెకు ముందు మీ నెత్తి మీది కప్పుకు మీరే మన్ను పోసుకోండి. మన్ను పోసినన్నాళ్లూ ఈడే ఉండండి."

దూలాల మీద దంతెలు, దంతెల మీద వెదురు, ఆ పైన చౌడు మన్ను. ఇదీ మా మిద్దె. చౌడు మన్ను మీద వాన పడితే అది మెత్తగా మూసుకుపోయి చుక్క దిగనివ్వదు. ప్రతి ఏడూ వానలకు ముందు ఒక పొర పోయాలి, మా గదుల మీదే కాదు, రెడ్డెమ్మ గదుల మీదా మేమే. కరువులో పోశాం, వరద వచ్చిన ఏడు పోశాం, మా నాన్న చనిపోయిన ఏడు కర్మలు కాగానే పోశాం. మాకు పత్రం లేదు, పట్టా లేదు. పైనున్న ఆ మన్నే మా పట్టా.

ఆ మన్ను మా పొలానిదే. మా తాత కొన్న పొలం కాలువ చివర పల్లంలో ఉండేది. నీళ్లు నిలిచి నిలిచి నేలంతా తెల్లగా చౌడు బారింది, గింజ వేస్తే గింజ కూడా తిరిగి రాదు. మాతో వచ్చిన వాళ్లు క్యాంపుల్లో, అంటే కాలువ వెంట వెలిసిన గోదావరి వాళ్ల ఊళ్లలో, డాబాలు కట్టుకుని వెళ్లిపోయారు. మేము ఈ రెండు గదుల్లోనే ఉండిపోయాం. మమ్మల్ని ముంచిన చౌడే ఏటేటా మా నెత్తిన కప్పై కూర్చునేది. దేవుడికి హాస్యం ఎక్కువ.

ఉగాది దాటిన వారానికి, బజ్జీల వాయ తీస్తుండగా లోపల్నుంచి ఫట్‌మని చప్పుడు వచ్చింది. ఉచ్చెంగెప్ప గదిలోంచి దుమ్ము పొగలా లేచింది. యశోద తలంతా మట్టితో బయటికి పరుగెత్తుకొచ్చింది.

"దూలం ఇరిగిందక్కా! మా మంచం మీదికే దిగతాండాది!"

పొయ్యి వదిలేసి పరుగెత్తాను. నడిమి దూలం చిట్లి, సందులోంచి మన్ను ధారగా రాలుతోంది. ఉచ్చెంగెప్ప కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఆడ నిలబడి దానికి హారతి పడతావా? ఇవతలికి రా!" అని అరిచాను.

"సుమ్నే, ఊరికే ఉండక్కా. ఈ ఏడు ఇంగొంచెం మందంగా మన్ను పోస్తే సర్దుకుంటాది."

నిజమేననుకున్నాను నేను కూడా. ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు. కప్పు కుంగిన చోటల్లా మేము చేసింది అదే, ఇంకాస్త మన్ను పోయడం.

మర్నాడే హర్ష వచ్చాడు. రెడ్డెమ్మ మరిది కొడుకు, బళ్లారిలో లారీలు తిప్పుతాడు. ఆమెకు పిల్లలు లేరు, ఆమె తర్వాత వాడె అతనిదే. కుర్రాడు చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు సెలవులకొస్తే నా బజ్జీల బేసిన్ దగ్గరే కూర్చునేవాడు. ఈసారి తనతో చదువుకున్న మేఘన అనే ఇంజనీరమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

అందరం మిద్దెక్కాం. ఆ పిల్ల గడ్డపార అడిగి తీసుకుని మన్నులో పొడిచింది. అది దిగింది. ఇంకా పొడిచింది. ఇంకా దిగింది. ఆమె నడుము లోతు పోయాక గానీ వెదురు తగల్లేదు.

"ఎన్నేండ్ల మన్నప్పా ఇది?" అంది ఆశ్చర్యంగా.

"మా నాయినది, నాది. అటుపక్క అక్కావాళ్ల తాతది, నాయినది. ఏడేడుకూ ఒగ పొర. ఒగ ఏడు గూడా తప్పలే" అన్నాడు ఉచ్చెంగెప్ప, ఛాతీ పొంగించి.

"పాతది గీకి తియ్యరా? మా అవ్వోళ్ల ఊర్లో నాలుగైదేండ్లకు ఒకసారి పాతదంతా తీసి కొత్తది పోస్తారే."

ఉచ్చెంగెప్ప నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఊళ్లో మిగతా మిద్దెల వాళ్లంతా గీకుతారని మాకు తెలుసు. మేమే గీకలేదు. గీకితే మా హక్కు గీకినట్టవుతుందని మా పెద్దల భయం, వాళ్ల తర్వాత మా భయం. మా తాత పోసిన మన్ను మీద మా నాన్న, దాని మీద నేను.

మేఘన గడ్డపార పక్కన పెట్టింది. "ఆంటీ, ఇల్లు ముసిలిదై వంగలేదు. ఈ బరువు మొయ్యలేక వంగతాండాది. గోడలు గట్టిగుండాయి, స్తంభాలు గట్టిగుండాయి. ఒగ పెద్ద వాన ఈ మన్నులో ఇంకిందంటే మాత్రం కప్పు కూర్చుంటాది."

మూడు తరాలు ప్రేమగా పోసింది అంతా బరువేనా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక మా ఆయన మీద మండాను. "నువ్వైనా చెప్పొద్దా, మగాడివి?" అన్నాను. ఆయన పేరు సీతారామారావు. ముప్ఫై ఏళ్ల కిందట మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. ఇప్పటికీ గోదావరి మాటే, నోట్లో నాలుక లేని మనిషి. "ఇల్లరికం అల్లుణ్ణి, నేను చెబితే వింటారేంటండీ" అన్నాడు మెల్లిగా.

హర్ష కిందికి దిగి రెడ్డెమ్మ ముందు కూర్చున్నాడు. ఆమె స్తంభానికి ఆనుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

"పెద్దమ్మా, హంపి దగ్గర హోటలు కట్టేవాళ్లు పాత స్తంభాలు, తలుపులు అడుగుతాండారు. వానలకు ముందే ఇల్లు విప్పి దించేద్దాం. రేపు ఈ కప్పు ఎవరి మీదైనా పడితే జవాబు చెప్పాల్సింది మనమే. నువ్వు బళ్లారికి వచ్చేయ్. వీళ్లకు తెక్కలకోటలో ఇండ్లు నేను చూపిస్తా."

ఆమె గింజ తీయడం ఆపలేదు. "మిరగ లోపల దించుదువులేప్పా" అంది.

అంతే. అంత చిన్న మాటతో మా బతుకు లేచిపోయింది. హర్ష వెళ్లాక ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఆగను, ఆ రోజు మాత్రం ఒక్కటే అడగగలిగాను. "నిజంగానే అన్నారా రెడ్డెమ్మా?"

"మాట ఇచ్చినా శివపార్వతీ. నీ మీద కప్పు పడితే నా మొగం యాడ పెట్టుకునేది?" అంది. నా కళ్లలోకి చూడలేదు.

నేను పుట్టింది ఆ పడమటి గదిలో. నా పెళ్లి ఆ నడిమి వాకిట్లో. ఆ అరుగు దిగితే నాకు పొయ్యి లేదు, గిరాకీ లేదు, ఈ వయసులో కొత్త ఊళ్లో నా ఉగ్గాణి ఎవడు తింటాడు? చెప్పుకోవడానికి చేతిలో కాగితం ముక్క లేదు.

మన్ను దించేస్తే ఇల్లు నిలుస్తుందని మేఘన చెప్పనే చెప్పింది. దించితే మాకు మిగిలేదేంటన్నదే ప్రశ్న. నడిమి వాకిట్లో ఉచ్చెంగెప్పకూ నాకూ పెద్ద రగడ అయింది.

"మా నాయిన పేనాలు అరచేతిలో పెట్టుకుని ఏరు దాటొచ్చి పోసిన మన్నక్కా అది. దాన్ని కిందకేస్తే రేపు హర్షప్ప వచ్చి 'మీదేముండాదిరా ఈడ' అంటే ఏం చూపిచ్చేది?"

"చూపించడానికి ఇల్లుండాలి కదా ముందు!"

"కప్పు పడితే పడనీ. మన్ను మాత్రం తియ్యను."

"పడితే నీ పెళ్లాం నెత్తిన పడుతుందయ్యా పెద్దమనిషీ!"

"నా పెండ్లాం సంగతి నీకేల?"

"హౌదు, నీకు మాత్రం అక్కరుందా?" అంది వెనకనుంచి యశోద.

కేకలు వేశాను గానీ నాదీ అదే భయం. రెడ్డెమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. మన్ను తీస్తే మమ్మల్ని లేవమనరని ఒక్క మాట ఇవ్వమని అడిగాను. ఆమె చింతపండు చాట పక్కకు జరిపింది.

"మన్ను మీది మే, నాదా? తీస్తారో ఉంచుతారో మీ ఇష్టం. ఒగ మాట ఒగరికిచ్చినాక ఇంగొగ మాట ఇంగొగరికి ఎట్లిచ్చేది?"

ఆమె మాట ఇస్తే ప్రాణం పోయినా తప్పదు. అందుకే ఇవ్వడానికి అంత పిసినారి.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తెల్లవారి పొయ్యి వెలిగిద్దామని లేస్తే పక్కన మా ఆయన లేడు. మిద్దె మీద ధబ్ ధబ్‌మని చప్పుడు. పరుగెత్తి ఎక్కాను. పంచె ఎగ్గట్టి, మా వంటింటి మీది మన్ను పారతో తవ్వి వాకిట్లోకి పడేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా? ఎవరినడిగి?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "కూలిపోయిన ఇంట్లో మనకు హక్కుంటే ఏం చేసుకుంటామండీ" అన్నాడు. మళ్లీ పార ఎత్తాడు.

ముప్ఫై ఏళ్లలో ఆయన నాకు ఎదురుచెప్పింది అదొక్కటే. నేనూ గంప అందుకున్నాను.

కాసేపటికి మెట్ల మీద ఉచ్చెంగెప్ప తల కనిపించింది. పైకొచ్చి కాలికింది మన్నును మడమతో ఒకసారి తొక్కి చూశాడు. "సీతారామప్పా, పార అట్ల పట్టుకుంటే నడుము పడిపోతాది" అని, ఆయన చేతిలోంచి లాక్కున్నాడు.

మూడు తరాల మన్ను నలుగురం దించగలమా? నాలుగో రోజుకే ఒళ్లు పచ్చి పుండైంది. ఆ పొద్దున ఉగ్గాణికి వచ్చిన భీమేష్ ప్లేటు పట్టుకుని పైకి చూస్తూ, ఏం జరుగుతోందని అడిగాడు. చెప్పాను. అతను తినేసి, చెయ్యి కడుక్కుని, చొక్కా విప్పి అరుగు మీద పెట్టాడు.

"వరదొచ్చినప్పుడు మా వీధంతా ఈ మిద్దె మీదే గదక్కా ఉండింది. నా బిడ్డ ఈడే పుట్టిండేది. బొడ్డు కోసింది మీయమ్మే."

నాకు గుర్తే లేదు, మా అమ్మ ఎంతమందికి బొడ్డు కోసిందో. అతను మాత్రం మర్చిపోలేదు. మధ్యాహ్నానికి మరో ఇద్దర్ని తెచ్చాడు. మర్నాడు పిలవకుండానే వచ్చారు ఇంకొందరు. నాట్లూ లేవు, కోతలూ లేవు, కట్ట మీద కూర్చుని కాలువను తిట్టే కన్నా ఇది నయమనుకున్నారేమో. కూలి మాటెత్తితే తిట్టారు. "ఉగ్గాణి పెట్టక్కా, బజ్జీలు మాత్రం రెండు ఎక్కువెయ్యి" అన్నారు. నేను వాయ మీద వాయ తీశాను. అంత సంతోషంగా ఊరికే పెట్టిన రోజులు నా జన్మలో లేవు.

మేఘన చెప్పినట్టు ముందు దూలాల కింద వేపమొద్దులు ఆనించారు, తర్వాత పైనుంచి పొర పొర దించారు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో మనుషులు మన్ను ఎత్తారు. మన్నులో మా వాళ్లందరూ బయటపడుతూ వచ్చారు. మా వైపు అడుగున ఒక చోట నల్లటి చార కనిపించింది.

"ఇదేందక్కా, నల్లరేగడి? మిద్దె మీద రేగడి పోసిన తెలివిమంతుడు ఎవరు?" అన్నాడు భీమేష్.

మా తాతే. వచ్చిన మొదటి ఏడు ఆయనకు చౌడు సంగతి తెలియదు. గోదావరి మనిషికి నల్లమన్ను కనబడితే బంగారం కనబడ్డట్టే. మంచి మన్ను కదా అని బండ్లతో తెచ్చి పోశాడు. ఎండకు అది బీటలు తీసింది. మొదటి వానకే ఇంట్లో కంటే బయట తక్కువ తడిగా ఉందట. వానలు వెళ్లేదాకా రెడ్డెమ్మ అత్తగారు మా వాళ్లను తన గదిలో పడుకోబెట్టుకుందని మా అమ్మ చెప్పేది.

"మా తాతగారిని ఏమీ అనకండి, మంచి భూమి అంటే ఆయనకు ప్రాణమండీ" అన్నాడు మా ఆయన. నవ్వు ఆగక నేను పిట్టగోడ పట్టుకున్నాను. ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చింది.

తూర్పు వైపు అడుగు పొర దగ్గర ఉచ్చెంగెప్ప పార ఆపేశాడు. అది అతని తండ్రి చేతి మన్ను. కూలబడి, తలపాగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

యశోద గంప అతని ముందు పెట్టింది. "ఏడ్చి తడిపితే ఇంగా బరువెక్కుతాది. ఎత్తు" అంది. అతను ముక్కు చీది, లేచి, ఎత్తాడు.

రోహిణి వెళ్లేలోగా మిద్దె బోసిపోయింది. వెదురు మీద పల్చగా పాత మన్ను మిగిలింది. వాకిట్లో మన్ను కుప్ప మా అరుగు కన్నా ఎత్తయింది. ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే ఉచ్చెంగెప్ప గదిలో ఏదో దొర్లిన చప్పుడు. దూలం కింద ఆనించిన వేపమొద్దు దానంతటదే పక్కకు ఒరిగింది. బరువు తగ్గి దూలం పైకి లేచింది. నేను అన్నం చేత్తోనే ఆ దూలానికి దండం పెట్టాను. చిట్లిన దూలానికి పక్కన కొత్త వేపదూలం జతచేశారు. మేఘన వచ్చి అన్ని గదులూ చూసి, జానెడు మందం కొత్త చౌడు వేస్తే చాలంది. ఇకనుంచి పాతది గీకకుండా కొత్తది పోస్తే నన్ను జైల్లో పెట్టిస్తానని కూడా అంది.

మా పొలం నుంచి ఒక బండెడు చౌడు తెచ్చి వాకిట్లో పోసుకున్నాం. పొయ్యడం మొదలుపెట్టాల్సిన రోజున, కంప్లి వైపు మబ్బు పట్టింది. అదే పొద్దున హర్ష కారు వచ్చి ఆగింది. వెనకాల ఖాళీ టిప్పరు. కారులోంచి తెల్లచొక్కా మనిషొకడు దిగి, నేరుగా నడిమి వాకిట్లోకి వెళ్లి స్తంభాలను వేలి కణుపులతో తట్టి చూడసాగాడు.

హర్ష మిద్దె మీదికి వచ్చాడు. బోసిగా ఉన్న కప్పును చూసి తెల్లబోయాడు.

"ఇంత పని మీరే చేసినారా అత్తా? సగం భారం దిగింది. ఇంక దించేది సులభమే."

కుర్రాడు మెచ్చుకోలుగానే అన్నాడు. నా గుండెలో మాత్రం గునపం దిగింది. ఉచ్చెంగెప్ప నా వైపు తిరిగాడు. "చూసినావా అక్కా? నేను చెప్పలే?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"దించడానికా మేము ఎండలో చచ్చింది?" అని అందుకున్నాను. "నీకు కళ్లున్నాయా లేవా? దూలం లేచింది, ఆ పిల్ల చూసి బాగుందంది. చిన్నప్పుడు నా బజ్జీలు తిని పెరిగిన నోటితో ఎట్లా అన్నావురా ఆ మాట?"

"పెద్దమ్మ మాటిచ్చింది అత్తా. నా పాటికి నేను రాలేదు. ఆయప్పను హంపి నుంచి పిలిపిచ్చినా."

"పిలిపిస్తే కాఫీ ఇచ్చి పంపు!"

నేను అరుస్తున్నాను, హర్ష ఏదో చెబుతున్నాడు, పనికొచ్చిన వాళ్లంతా పారలు పట్టుకుని నిలబడిపోయారు. యశోద నా మోచేయి గిల్లింది. మెట్ల వైపు చూపించింది.

రెడ్డెమ్మ ఎక్కి వస్తోంది. మోకాళ్ల నొప్పులతో అరుగే దిగని మనిషి. చింతపండు గంపలో చౌడు మన్ను నింపుకుని నెత్తిన పెట్టుకుంది. ఒక మెట్టెక్కి ఆగుతుంది, గోడ పట్టుకుంటుంది, ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఉచ్చెంగెప్ప అందుకోబోతే చూపుతోనే ఆపేసింది. మన్ను చెంపల మీదికి జారుతోంది.

పైకొచ్చి నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా నడిచి, మా వంటింటి పైన గంప కుమ్మరించింది.

"పెద్దమ్మా, ఏంది ఇది? మాట ఇచ్చినావు గదా!" అన్నాడు హర్ష.

"ఇచ్చినాప్పా. కప్పు కూలతాదన్న్యావు, ఇచ్చినా. ఇప్పుడు కూలతాదా? కూలతాదని ఆ మేఘనతో చెప్పిచ్చు, ఇప్పుడే నీ కారెక్కుతా."

హర్ష వెదురు మీది పల్చటి మన్నును కాలితో గీకాడు.

"ఇంగోటి. ఈ ఇంట్లో మన్ను పోసినోళ్లే ఉండాలని మా మామ నాయిన చెప్పినాడు. నూరేండ్లలో మనింట్లో ఒగరన్నా గంప ఎత్తిండారా? నా గది మీద గూడా వీళ్లే పోసినారు. అట్లయితే దించమనేదానికి నేనెవరు, నువ్వెవరు? ఇన్నేండ్లు వీళ్లకు నేను నీడిచ్చినాననుకుంటి. నా నెత్తి మీద కప్పు వీళ్లు కప్పిందే గదప్పా. నాకు ఇప్పుడొచ్చింది బుద్ధి."

కింద నుంచి టిప్పరు డ్రైవరు కేక వేశాడు. "సార్, ఏం ఎత్తాల?"

హర్ష పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. స్తంభాలాయన తల ఎత్తి చూస్తున్నాడు. హర్ష మబ్బు వైపు చూశాడు, వాకిట్లో ఉన్న ఒక్క బండెడు చౌడు వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"అత్తా, మీ చౌడు పొలం దాకా టిప్పరు పోతాదా?"

"కాలువ కట్ట మీద పోతుంది" అన్నాడు మా ఆయన, నాకన్నా ముందు. "నేను దారి చూపిస్తానండీ." అప్పుడే మెట్లు దిగిపోతున్నాడు. అంత వేగంగా నడవగలడని నాకూ తెలియదు.

అందరూ ఒక్కసారిగా కదిలారు. భీమేష్ తలపాగా బిగించాడు. యశోద కింద గంపలు నింపడం మొదలుపెట్టింది. ఉచ్చెంగెప్ప మన్ను అదిమే దిమ్మిస తెచ్చి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చూసుకుంటున్నాడు. నేను ఒక గంప అందుకుని, అలవాటుగా మా వంటింటి వైపు నడిచాను. రెడ్డెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ నేను పోసినా గదమ్మే. నువ్వు పోయి నా గది మీద పొయ్."

"మా వంటింటి మీద మేము పోసుకుంటాం కదా రెడ్డెమ్మా. ఎప్పుడూ అంతే కదా."

"ఎప్పుడూ అంతే. ఇప్పటినుంచి అట్ల కాదు." ఆమె కొంగుతో మొహం మీది మన్ను తుడుచుకుంది. "నీ కప్పు నాది, నా కప్పు నీది. ఇంగ ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని లెయ్యమంటారో చూస్తా."

శివపార్వతి నోరు పడిపోవడం దేశనూరు మొదటిసారి చూసింది. ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది, చేతుల్లో గంప ఉంది. అందుకని అలాగే నడిచి వెళ్లి, ఆమె పడుకునే గది మీద మన్ను పోసి, నా రెండు చేతులతో సమంగా సర్దాను.